నేలనెమలికి టికెట్టు కొట్టని కండక్టరన్న

పోయిన మంగళవారం పొద్దున మా పాప ఉరవకొండ నుంచి ఫోన్ చేసింది. అక్కడొక బడిలో పాఠాలు చెబుతుంది. పిల్లల ప్రార్థన వేళకు ఎప్పుడూ ఫోన్ చేయదు.

"నాయనా, కండక్టరు పెదనాయన పోయినాడంట."

"ఎవరు చెప్పినారు?" అన్నాను.

"అనంతపురం నుంచి వాళ్ళ కోడలు ఫోన్ చేసింది."

"ఆయమ్మ దగ్గరుండి చూసిందా? ఎన్ని గంటలకు? యాడ?"

"నాయనా!" అని ఏడ్చేసింది మా పాప. "ఈ మాట కూడా అట్లనే అడగల్లా?"

అడగాలి. అట్లా అడగడం నాకు నేర్పిందే ఆయన. మూడు ప్రశ్నలు వేయనిదే ఏ మాటనూ నమ్మనివ్వని మనిషి. అందుకే ఆయన చావు కబురునూ మూడు ప్రశ్నలు వేసి, మూడింటికీ జవాబు విని, అప్పుడు అరుగు మీద కూలబడ్డాను.

పిడికెడు మన్ను వేయడానికి మట్టికి పోయి వచ్చాను. వాళ్ళింటామె నన్ను చూడగానే చెప్పింది. ఆస్పత్రిలో ఆఖరి రోజున కిటికీ అవతల కాకులు అరుస్తుంటే, "పాతికదాకా ఉన్నట్టుండాయి" అందంట ఆమె. ఆయన కండ్లు మూసుకునే, "ఉన్నట్టుండాయా, ఉండాయా?" అన్నాడంట. ఆమె ఏడుస్తూనే నవ్వింది. నేనూ అంతే. ఏం మనిషండీ, ఏం మనిషి!

నా చదువు ఏడో తరగతితో ఆగింది. రాసేదానిలో తప్పులుంటే మా పాప దిద్దింది. చావు గురించి రాస్తూ మధ్యమధ్యలో ఈ ముసలాయన ఇంత సంతోషపడతాడేమని మీరు అనుమానపడవచ్చు. పడండి. అనుమానపడే వాళ్ళంటే కండక్టరన్నకు ఇష్టం. ఎందుకు సంతోషమో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఆయన ముప్పై ఏండ్లకు పైగా బస్సు కండక్టరు. ఉరవకొండ రూటులో తిరిగేటప్పుడు ఫుట్‌బోర్డు మీద నిలబడి చేలల్లోకి చూసేవాడు. ఒకసారి రోడ్డు పక్కన ఏదో కొత్త పిట్ట కనబడితే "ఏం పిట్టప్పా అది?" అని డ్రైవరును అడిగాడంట. "పిట్టంటే పిట్టే, ఇంకేం పిట్ట?" అన్నాడంట డ్రైవరు. ఆ మాట ఆయనకు పంటికింద రాయైపోయింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒక పాత దుర్భిణి కొనుక్కుని, పొడుగాటి నోటుపుస్తకం పట్టుకుని, పిట్టల వెంట పడ్డాడు.

మాది ఉరవకొండకు ఆటోలో అరగంట. ఒక పక్క నల్లరేగడి, పప్పుశనగ వేస్తాం. ఇంకో పక్క ఎర్రనేల, శెనక్కాయ. నడుమ మిట్ట మీద నాకు ఆరెకరాల బీడు ఉంది. రాయీ రప్పా, వాన పడితే నడుమెత్తు గడ్డి. మా నాయన దున్నలేదు, నేనూ దున్నలేదు. చుట్టూ మాత్రం గాలిమరలు లేచాయి. మా వాళ్ళు వాటిని ఫ్యాన్లు అంటారు.

ఎనిమిదేండ్ల కిందట, పుష్యమాసం. రోడ్డు మలుపులో ఒక కొత్త మనిషి నిలబడి నా బీడు తట్టే చూస్తున్నాడు. దుర్భిణి ఎత్తుతాడు, దించుతాడు, రాసుకుంటాడు. మళ్ళీ ఎత్తుతాడు. రెండో రోజూ వచ్చాడు. మూడో రోజుకు ఊరంతా టీకొట్టు దగ్గర చేరింది.

"సర్వేకి వచ్చినాడు. నీ బీడులో ఫ్యాను నాటుతారు, చూడు" అన్నాడు టీకొట్టాయన.

"సర్వే వాడైతే జీపు ఉండల్ల కదా మామా? ఈయప్ప బస్సులో వస్తాండాడు" అన్నాను.

"అయితే గుప్తనిధి కోసరం వచ్చింటాడు. నిధి తవ్వేటోళ్ళు జీపేసుకుని, హారను కొట్టుకుంటా వస్తారా ఏంది?"

నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. మర్నాడు ఆయనే నా దగ్గరకు వచ్చాడు.

"ఏమప్పా, ఆ బీడు నీదేనా?"

నా అనుమానం నిజమైపోయింది అనుకున్నాను. "ఎవరిదైతే నీకేంటికి?"

"ఊరికే అడిగినాలే. ఈ తట్టు నేలనెమలి ఉంటాదని పాతోళ్ళు చెప్పినారు. నువ్వెప్పుడన్నా చూసినావా?"

నేలనెమలి అంటే గడ్డిలో తిరిగే పిట్ట. కోడంత ఉంటుంది, కాళ్ళు పొడుగు. మగది గడ్డి మీదికి ఎగిరెగిరి పడుతుందని మా నాయన చెప్పేవాడు. నేను ఒక్కసారీ చూసినవాణ్ణి కాదు. కానీ ఈయన కన్ను నా బీడు మీద నుంచి తిప్పాలి కదా!

"ఓ, చూసినా. మొన్న వారమే చూసినా. ఈడ కాదు. వంక దాటినాక పెద్ద మిట్ట కనపడతాదే, ఆడ. ఎగిరెగిరి పడ్తాండాది."

పాపం, మూడు రోజులు తిరిగాడండీ. ఆ ముండ్లకంపల్లో, గుక్కెడు నీళ్ళు దొరకని చోట. నాలుగో రోజు టీకొట్టు దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. మా పాప అప్పుడు డిగ్రీ చదువుతుండేది. బస్సు కోసం అక్కడే నిలబడి ఉంది.

"ఎన్నిసార్లు ఎగిరినాది?" అన్నాడు.

"నాలుగైదు."

"నాలుగా? ఐదా?"

"ఐదు."

"గొంతు కింద ఏ రంగు?"

"నలుపు."

"పోయిన వారమే కదా?"

"ఊ."

ఆయన కోపం చేయలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు. "అది వానకాలంలో తప్ప ఎగరదప్పా. జతను పిలిచేదానికి ఎగురుతాది. ఈ చలికాలంలో ఎవరికోసరం ఎగురుతాది? చలికి వణుక్కుంటా ఎగిరినాదా? నీది దొంగ టికెట్టు. దిగు."

టీకొట్టంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వేసి ఊరుకుందామనుకుని మా పాప మొహం చూశాను. అది నవ్వలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఒకటే అడిగింది. "నాయనా, ఆ పెద్దాయన్ని మూడు దినాలు ఎండలో తిప్పినావా?" నేను ఏదో చెప్పబోయాను. వినలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆడబిడ్డ కండ్లలో తండ్రి మాట చులకనైతే ఎట్లుంటుందో చెప్పడానికి నా ఏడో తరగతి తెలుగు చాలదు.

ఆయన మళ్ళీ రాడనుకున్నాను. పై ఆదివారమే వచ్చాడు! వచ్చి నన్నే అడిగాడు. "నీ మాట మీద నమ్మకం లేదు గాని, నీ బీడు మీద ఉండాదప్పా. పొద్దుగూకే వేళ ఆడ కూసుంటా. నీకేమన్నా అభ్యంతరమా?" వద్దనడానికి నాకు ముఖం లేకపోయింది.

కార్తీకం దాటితే ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో మా తట్టుకు పిల్లిగద్దలు వస్తాయి. పగలంతా పప్పుశనగ చేల మీద కిందికిందనే తేలుతూ మిడతలను పడతాయి. పొద్దు వాలేసరికి ఒక్కొక్కటే వచ్చి నా బీడు గడ్డిలో దిగి నేల మీదే పడుకుంటాయి. చెట్టెక్కవు. అరవై ఏండ్లు ఆ బీడు గట్టున తిరిగిన నాకు ఆ సంగతి తెలియదు. వాటిని లెక్కపెట్టడానికి ఆయన వచ్చేవాడు.

కొన్నాళ్ళకు మా పాప కూడా ఆయన వెంట పోవడం మొదలుపెట్టింది. నా అనుమానం మళ్ళీ లేచింది. పిట్టల పేరు చెప్పి నా బిడ్డతో బీడు కొలతలు రాయిస్తున్నాడేమో! ఒక సాయంత్రం దొంగలా వెనకే పోయి బందారు పొద చాటున నక్కాను. నక్కానో లేదో, తీతువు పిట్ట ఒకటి నెత్తి మీద తిరుగుతూ ఊరంతా వినబడేటట్టు అరవసాగింది.

కండక్టరన్న దుర్భిణి దించలేదు. "రా అప్పా, వచ్చి కూసో. ఆ తీతువు నిన్ను పట్టిచ్చేసినాది."

మా పాప తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. పోయి కూర్చున్నాను. ఇంకేం చేస్తాను? ఆ కూర్చోవడమే, ఏడేండ్లు కూర్చున్నాను.

ఆయన పద్ధతి ఏమంటే, మా పాప బీడు ఆ కొస నుంచి లెక్కపెట్టాలి, ఆయన ఈ కొస నుంచి. ఇద్దరి లెక్కా కలిస్తేనే రాత. ఒకసారి మా పాప ముప్పై ఒకటి అంది, ఆయన ముప్పై అన్నాడు. "ఒకటి నడిమి స్టాపులో ఎక్కినట్టుండాది" అని ఆ పూట ఏమీ రాయలేదు. "ఒక్కటే కదన్నా, రాసుకో" అన్నాను. "ఆ ఒక్కటి ఉందో లేదో నీకు తెలుసునా?" అన్నాడు. తెలియదు మరి.

తెచ్చుకున్న జొన్నరొట్టె, నంజుకోవడానికి శెనక్కాయ ఊరిమిండి మూడు భాగాలు చేసేవాడు. గద్ద కనబడి "అన్నా, గద్ద!" అంటే "ఏం గద్ద?" అనేవాడు. ఒకసారి నోరుజారి "గద్దంటే గద్దే" అన్నాను. ఆ పూట నాకు రొట్టె పెట్టలేదు! "చూసినాననేది టికెట్టు కాదప్పా, ఏం చూసినావో చెప్పేది టికెట్టు" అనేవాడు. "పిట్ట అబద్ధం చెప్పదు, కన్ను చెప్తాది" అనేవాడు. తన కంటినీ నమ్మేవాడు కాదు. దుర్భిణి దించి, తుడిచి, మళ్ళీ చూసేవాడు.

అన్నిటికీ నవ్వుకున్నాం, కలిసి తిన్నాం. కానీ నేను చెప్పిన పిట్టను మాత్రం, ఆయన గానీ మా పాప గానీ మళ్ళీ చూస్తే తప్ప, ఆ పుస్తకంలో రాసేవాడు కాదు. నా పాస్ రద్దయిపోయింది.

నాలుగేండ్ల కిందట మఖ కార్తెలో ఒకటి, పుబ్బలో రెండు మంచి వానలు పడ్డాయి. మా తట్టు అంతకు మించిన పండగ లేదు. ఒక గొర్రె తప్పిపోతే వెతుక్కుంటూ పొద్దున్నే బీడులోకి పోయాను. ముందొక చప్పుడు వినబడింది, ఎండుకాయలో గింజలు గలగలమన్నట్టు. కప్పేమో అనుకున్నాను. అంతలో గడ్డిలో నుంచి నల్లటి పిట్ట ఒకటి నిట్టనిలువుగా లేచింది. మనిషెత్తు లేచింది! రెక్కల మీద తెలుపు. కాళ్ళు ముడుచుకుంది. తల వెనక సన్నటి ఈకలు, ఆడపిల్లల రిబ్బన్లలా. పైన ఒక్క రెప్పపాటు నిలిచి, విసిరేసిన చెప్పు పడినట్టు గడ్డిలో పడిపోయింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. నాకు గొర్రె లేదు, ఊరు లేదు, వయసు లేదు. అయినా లెక్కపెట్టాను. అడుగుతాడని తెలుసు కదా. పదకొండు సార్లు.

ఫోన్‌లో ఏం అరిచానో నాకే తెలియదు. మధ్యాహ్నం బస్సుకే దిగాడు. గంటసేపు అడిగాడు. యాడ లేచింది, యాడ పడింది, ఎంతసేపటికి ఒకసారి, రిబ్బను ఈకల కొసలు ఎట్లున్నాయి. అన్నీ చెప్పాను. మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి బీడు కాచాడు. మా పాప కూడా కాచింది. పిట్ట లేవలేదు. ఎవరిదో గొర్రెలమంద, రెండు కుక్కలు పడి గడ్డంతా తొక్కేసి పోయాయి.

పోయేటప్పుడు పుస్తకం సంచిలో పెట్టేశాడు.

"రాయవా అన్నా?"

"రాయలేనప్పా."

"అంటే నమ్మలేదు."

"నమ్మేది వేరే, రాసేది వేరే. ఒకసారి దొంగ టికెట్టుతో దొరికినోడు మళ్ళా బస్సెక్కితే, చేతిలో టికెట్టు పెట్టినా దీపం కాడికి పట్టి చూస్తాం. అది మా అలవాటు. ఏమనుకోవద్దు."

మా పాప కూడా ఆ రాత్రి అడిగింది. "నిజంగానే చూసినావా నాయనా?" అడిగింది మెల్లగానే. కానీ ఆ 'నిజంగానే' ముల్లై దిగింది. చూసింది నిజం. చెప్పింది నిజం. సాక్ష్యం లేదు, నా పాత మాటే నాకు అడ్డం.

ఆ తర్వాత రెండేండ్లు వాన లేదు. గడ్డి మొలవలేదు. నేలనెమలి రాలేదు. పోనుపోను నన్ను నేనే అనుమానించుకున్నాను. నిజంగా చూశానా? ఆయన మెచ్చుకోవాలనే ఆశలో కొంగనో, కాకినో చూసి అట్లా అనుకున్నానా? పదకొండేనా? పడుకుంటే అదే, లేస్తే అదే.

పోయినేడు పుబ్బలో మళ్ళీ వాన పడింది. కండక్టరన్న ఫోన్ చేసి "వస్తాండా" అన్నాడు. వచ్చాడు గానీ మనిషి సగమై వచ్చాడు. మా పాప సెలవు పెట్టి ఉరవకొండ నుంచి ఆటోలో చేయి పట్టుకుని తీసుకొచ్చింది. తెల్లవారుజామునే ముగ్గురం మిట్టెక్కి, ఎండ వీపున పడేటట్టు కూర్చున్నాం. నేనూ ఆయనా ముందు, మా పాప వెనక.

ఆయన మెడలోని దుర్భిణి తీసి నా మెడలో వేశాడు. "షుగరు కండ్లను తినేసినాదప్పా. పొగ తప్ప ఏమీ కనపడ్డంలేదు. ఇదే ఆఖరుసారి రావడం. నువ్వే చూసి చెప్పు."

ఏడేండ్లలో ఒక్కసారి కూడా ఆయన దాన్ని నా చేతికి ఇవ్వలేదు. తుడిచి కండ్లకు పెట్టుకున్నాను.

"ఏమన్నా ఉండాదా?"

"పూరేడు పిట్టలు రెండన్నా."

కాసేపయ్యాక, "ఎగిరినాదా?"

"లేదన్నా."

గడ్డి బాగా ఎదిగి ఉంది. గాలి మెల్లగా తోస్తోంది. ఏ క్షణమైనా లేవవచ్చు. లేవలేదు. బస్సులో చిన్నపిల్లలు ఊరొచ్చిందా, ఊరొచ్చిందా అని అడిగినట్టు, "ఎగిరినాదా? ఎగిరినాదా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను "లేదన్నా, లేదన్నా" అంటూనే ఉన్నాను.

తల తిప్పితే మా పాప ఆయన వెనక నుంచి సైగ చేస్తోంది. చేయి పైకెత్తి, కిందికి వేసి చూపించింది. ఎగిరిందని చెప్పేయి నాయనా, అని. దాని కండ్ల నిండా నీళ్ళు. ఒకప్పుడు నేను చెప్పిన అబద్ధానికి నాతో మాట్లాడటం మానేసిన బిడ్డ, ఈ పొద్దు అబద్ధం చెప్పమని బతిమాలుతోంది.

చెబితే ఏం పోయింది? ముసలి ప్రాణం సంతోషపడుతుంది. ఒక్క మాట. ఎట్లా ఎగురుతుందో నాకు తెలుసు, కండ్లకు కట్టినట్టు చెప్పగలను. నోటిదాకా వచ్చింది. మరుక్షణమే అనుమానం వచ్చింది, ఈయన నన్ను పరీక్ష చేస్తున్నాడా అని. పరీక్షయితే చెప్పకూడదు. పరీక్ష కాకపోతే? అప్పుడు అసలే చెప్పకూడదు. కండ్లు కనబడని మనిషి, తన దుర్భిణి నా మెడలో వేసిన మనిషి!

"లేదన్నా" అన్నాను. "ఈ పొద్దు నేలనెమలి లేదు. నేను చూడలేదు."

ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఏం పాపా, మీ నాయనకు ఏదో చెప్తాంటివి?" అన్నాడు.

మా పాప చేయి వెనక్కి దాచుకుంది.

"నీ చేయి నీడ నా ముందరే పడినాది లేమ్మే."

కండ్లలో పొగ తప్ప లేదన్న మనిషికి నీడ ఎట్లా కనబడిందండీ? అప్పుడు అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. ఆయనకు కండ్లు ఎంత కనబడేవో, నన్ను కూర్చోబెట్టి చెకింగు చేశాడో, నాకు ఇప్పటికీ అనుమానమే. తిరిగి పోయేటప్పుడు దారిలో ముండ్లకంపను భలే తప్పించుకుని నడిచాడు కూడా!

"నీ బిడ్డే చెప్పమన్నా నువ్వు చెప్పలేదు" అన్నాడు నాతో. "ఇన్ని తూర్లు లేదని చెప్పినోడు, ఉందంటే రాసుకోవచ్చప్పా. ఇంగ చెప్పు. ఆ పుబ్బలో ఎన్నిసార్లు లేచినాది?"

"పదకొండు."

"ఆ పొద్దూ పదకొండే చెప్పినావు. రిబ్బను ఈకలు?"

"సన్నంగా పోయి, కొసల్లో వెడల్పన్నా."

"ఊ."

మా పాప వెనక నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. చిన్నప్పటిలా నా చేయి రెండు చేతులతో పట్టుకుంది. కడుపున పుట్టిన బిడ్డ నా మాటను మళ్ళీ నమ్మింది, అంతే. నాకింత సంతోషం ఎందుకో ఇప్పుడు తెలిసిందా? నేలనెమలి రాని రోజే నా జీవితంలో పెద్ద పండగైపోయింది.

కండక్టరన్న పాత పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. ఆ పుబ్బ పేజీ దొరికింది. ఎక్కడా ఖాళీ లేదు, వరసలన్నీ ఎప్పుడో నిండిపోయాయి. పుస్తకాన్ని అడ్డంగా తిప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అక్షరం గీత దాటితే ఒప్పుకోని ఆ మనిషి, పేజీ అంచున మిగిలిన సన్నటి తెల్లజాగాలో, ముక్కు కాగితానికి తాకేంత వంగి, తలను కూడా పుస్తకంతోపాటే పక్కకు వాల్చి, ఒక్కొక్క అక్షరమే రాసుకుంటూ పోయాడు. గాలిమర రెక్క నీడ మిట్ట మీదుగా వచ్చి ఆయన తెల్లజుట్టు మీద, చేతి మీద, కాగితం మీద నల్లగా పాకి దాటిపోయేది. నీడ వచ్చినప్పుడు పెన్ను ఆపేవాడు. వెలుతురు రాగానే మళ్ళీ రాసేవాడు.